ఫెర్రూజా రాసిన తప్పు మాట

మా తాజ్రూత్ బలదియాలో, అంటే ఈ కొండ మీది మునిసిపల్ ఆఫీసులో, రెండో నంబరు కిటికీ నాది. ఇరవై తొమ్మిదేళ్ళుగా నాదే. నివాస ధ్రువపత్రం కావాలన్నా, ఇంకా పెళ్ళి కాలేదని కాగితం కావాలన్నా ఈ బూసాద్ ముందుకు రావలసిందే. ఫ్రాన్సులో పనిచేసి వచ్చి అక్కడి పింఛను తినే ముసలివాళ్ళు ఏడాదికోసారి వచ్చి, తాము ఇంకా బతికే ఉన్నామని నా చేత రాయించుకుని పోతారు. వాళ్ళలో కొందరిని చూస్తే ఆ మాట రాయడానికి నాకే చెయ్యి రాదు. ఇంతమందిని చూసినవాణ్ణి కాబట్టి ఎవరినైనా మెచ్చుకోవాలంటే నాకు మహా కష్టం. ఈ ఆఫీసు మొత్తంలో మెచ్చుకోదగ్గ మనిషి ఒక్కతే ఉంది. ఆమె పేరు ఫెర్రూజా, టైపు గదిలో కూర్చుంటుంది. ఆమెకు నేను చేసిన ద్రోహంతో సహా ఈ సంగతంతా నేనే చెబుతాను. నేను చెప్పకపోతే మా వాళ్ళు దీన్ని పెళ్ళిళ్ళలో తలో రకంగా చెప్పి పాడుచేస్తారు.

ఫెర్రూజా పైవాడ మనిషి. తండ్రి రాళ్ళు కొట్టేవాడు, తల్లి మగ్గం మీద దుప్పట్లు నేసేది. పంతొమ్మిదో ఏట టైపిస్టుగా చేరింది. బాగా పొట్టి. కుర్చీలో రెండు పాత రిజిస్టర్లు వేసుకుని వాటి మీద కూర్చుంటే గానీ బల్ల అందేది కాదు. భర్త బెలయీద్ బస్సు నడుపుతాడు. అతనికి మాటలెక్కువ, ఈమెకు తక్కువ, అందుకే కాపురం హాయిగా సాగింది. ఫ్రెంచి టైపులో ఆమె వేళ్ళను పట్టుకునేవాళ్ళు ఈ జిల్లాలో లేరు. అరబ్బీ టైపు ముప్ఫై దాటాక నేర్చుకుంది. ఇంట్లో మాట్లాడే మా కబైలీ భాషను మాత్రం ఏ యంత్రం మీదా సరిగ్గా కొట్టడానికి వీలుండేది కాదు. మా అక్షరాల్లో కొన్నింటి కింద చుక్క పెట్టాలి. ఆ చుక్క ఏ మీటలోనూ లేదు. ఊరి సంఘం వాళ్ళు ఏదైనా నోటీసు తెస్తే ఆమె అంతా టైపు చేసి, తర్వాత కలం పుచ్చుకుని ఒక్కొక్క అక్షరం కిందా చుక్క పెట్టుకుంటూ పోయేది. వంద కాగితాలుంటే వంద కాగితాలకీ పెట్టేది.

"ఎందుకు తల్లీ ఈ చుక్కల గోల? చదివేవాడికి ఆ మాత్రం తెలీదా?" అని అడిగేవాణ్ణి.

"మీ పేరులో ఒక అక్షరం ఎగ్గొడితే ఊరుకుంటారా, దా బూసాద్?" అనేది. దా అంటే మా వైపు అన్న.

ఊరుకోను. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నోరు మూసుకుని నా కిటికీ దగ్గరికి పోయేవాణ్ణి.

కంప్యూటర్లు వచ్చిన కొన్నేళ్ళకు, బెజాయాలో చదువుకునే ఒక విద్యార్థి సెలవులకు ఊరొచ్చి, ఆమె కంప్యూటర్లో ఒక ఆఫీసు ప్రోగ్రాము ఎక్కించి పోయాడు. ఉత్తరాలు రాయడానికి, పట్టికలు గీయడానికి పనికొచ్చేది. ఎవరైనా ఊరికే దింపుకోవచ్చు. అంతకంటే పెద్ద సంగతి ఏమిటంటే దాని లోపలి రాత అందరికీ కనబడుతుంది. చేతనైనవాడు బాగుచేయవచ్చు, ఎవరి భాషను వాళ్ళు అందులో పెట్టుకోవచ్చు. లోకంలో ఎక్కడెక్కడి వాళ్ళో కూలి అడగకుండా తలో చెయ్యీ వేసి దాన్ని నిలబెట్టారని ఆ విద్యార్థి చెప్పాడు.

ఫెర్రూజా అంతా విని, "అంటే తివిజి అన్నమాట" అంది. ఆలివ్ కాయలు ఏరడానికో, ఒకరింటికి కప్పు వేయడానికో ఊరంతా కూలి లేకుండా కదిలి వస్తే దాన్ని మేం తివిజి అంటాం.

ఆ మర్నాడే మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ళు చేసింది. ఆ ప్రోగ్రాములో మనిషికి కనబడే ప్రతి మాటనూ కబైలీలోకి తేవాలి, అక్షరదోషాలు పట్టే నిఘంటువు కట్టాలి. మాటలు ముప్ఫై వేలకు పైనే ఉన్నాయి. పుస్తకాల్లో దొరకని మాటలన్నీ ఆమెకు నా కిటికీ ముందు దొరికేవి. చేతిలో నోటుబుక్కు పట్టుకుని వచ్చి నా వరస పక్కన నిలబడేది.

"పిన్నీ, ఒకసారి చేసిన పనిని చెయ్యనట్టు వెనక్కి తీసుకోవాలంటే ఏమంటావు?" అని ఒకరోజు తక్లీత్ అనే ముసలావిణ్ణి అడిగింది.

"ఏ పని? పెళ్ళా?" అంది తక్లీత్.

వరసంతా పగలబడి నవ్వింది.

"పెళ్ళి కాదు పిన్నీ, రాసిన మాట."

"రాతలు నాకేం తెలుసే? మగ్గం మీద తప్పు పోగు పడితే విప్పేస్తాం. పెళ్ళయితే అదీ కుదరదు!"

ఫెర్రూజా ఆ విప్పే మాటను రాసుకుంది. ఇవాళ ఈ భూమ్మీద ఎవరైనా ఆ ప్రోగ్రామును కబైలీలో తెరిచి, రాసింది వెనక్కి తీసుకోవాలనుకుంటే నొక్కవలసింది మా తక్లీత్ పిన్ని మగ్గం మాటే. ఆవిడకు సంతకం రాదు, నా దగ్గర వేలిముద్ర వేస్తుంది. ఆ వేలిముద్ర తీసుకునేటప్పుడు నాకు ఛాతీ ఉబ్బుతుంది, దాచుకోవడం ఎందుకు.

ఆ రోజుల్లో మాత్రం నేను ఇలా అనుకోలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. "జీతం లేని కొలువు చేస్తున్నావు, పైగా ఆ ముసలాళ్ళను నిలబెట్టి పరీక్షలు పెడుతున్నావు" అని ఎగతాళి చేసేవాణ్ణి. ఆమె నవ్వి ఊరుకునేది. ఆఫీసులో పన్నెండు కంప్యూటర్లకూ ఆ ప్రోగ్రామే ఎక్కించింది. ఏ గదిలో ఏది మొరాయించినా "ఫెర్రూజా!" అని కేకేసేవాళ్ళం. వచ్చి చూసేది.

ఇక నేను చేసిన పని చెబుతాను.

అక్టోబరు నెల. పింఛను ముసలివాళ్ళ కాగితాలు నెలాఖరుకల్లా ఫ్రాన్సు చేరకపోతే పింఛను ఆగిపోతుంది. ఆ రోజు పొద్దున్నే నలభై మంది వరసలో ఉన్నారు. నేను కంప్యూటర్ ఆన్ చేశాను. ప్రోగ్రాము తెరుచుకోలేదు. ముందు రోజు ఏదో కొత్త దిద్దుబాటు దిగిందట, దాంతో మూసుకుపోయింది. ఫెర్రూజా సెలవులో ఉంది. తల్లికి జ్వరం ముదిరితే పట్నం ఆసుపత్రికి తీసుకుపోయింది. ఫోను చేశాను, ఎత్తలేదు. నలభై మంది ముసలివాళ్ళు బతికి ఉన్నారో లేదో తేలకుండా నా ముందు నిలబడ్డారు.

అందరికంటే ముందున్నవాడు రమ్దాన్. ఎనభై ఏడేళ్ళు, చేతికర్ర. "ఒరే బూసాద్, నీ ఎదురుగా నిలబడి నిన్ను తిడుతున్నానా లేదా?"

"తిడుతున్నావు, దా."

"చచ్చినవాడు తిడతాడా?"

"తిట్టడు."

"మరి రాయరా!"

"యంత్రం ఒప్పుకోవాలి కదా!" అన్నాను.

ఆ తర్వాత ఆయన అన్న మాటలు ఇక్కడ రాయలేను. మధ్యాహ్నం దాకా తిట్లు తిన్నాను. మర్నాడు ఫెర్రూజా వచ్చి పది నిమిషాల్లో బాగుచేసింది. "అయ్యో, నన్ను క్షమించండి దా" అని కూడా అంది. నా కోపం చల్లారలేదు. ఆ సాయంత్రం మేయరు మెజియాన్‌కు ఉత్తరం రాశాను. ఊరికే వచ్చిన సరుకుకు జవాబు చెప్పేవాడు ఉండడని, డబ్బిచ్చి కొనే రకం తెప్పించమని, ఫోను చేస్తే ఎత్తే మనిషి కావాలని రాశాను. ఫెర్రూజాకు చెప్పలేదు. అదీ నేను చేసిన ద్రోహం.

డబ్బిచ్చి కొనే రకం ఉందని నాకు అప్పటికే తెలుసు. అది వేరే ప్రోగ్రాము కాదు, అదే తానులో ముక్క. అందరూ కలిసి నిలబెట్టినదాన్నే ఒక కంపెనీ తీసుకుని, పరీక్షించి, తన ముద్ర వేసి, అయిదేళ్ళు మరమ్మతు చేస్తానని హామీ ఇచ్చి అమ్ముతుంది. నెల తిరక్కుండానే అల్జీర్స్ నుంచి దాన్ని అమ్మే ఫువాద్ అనే అతను ఫోను చేశాడు. ఏడాదికి ముప్ఫై మిలియన్లు అన్నాడు. దినార్లు కాదు లెండి, సెంటీములు, దినారులో నూరో వంతు. మా దగ్గర దినార్లలో లెక్కపెట్టేవాడు ఎవడున్నాడు. బుధవారం కౌన్సిల్ సమావేశంలో తేల్చేద్దామని మేయరు చెప్పాడు.

ఆ సంగతి తెలిసి ఫెర్రూజా నా కిటికీ దగ్గరికి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"దా, ఎవరో ఉత్తరం రాశారట. ఎవరో మీకేమైనా తెలుసా?"

పెదవి కింద చిటికెడు నశ్యం పెట్టుకుని, తేలు కుట్టిన దొంగలా "నాకేం తెలుసు" అన్నాను.

"అది వస్తే దానికి ముద్ర వేసి ఇస్తారు దా. లోపల మనం దేన్నీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే హామీ చెల్లదట. కబైలీ అందులోనూ ఉంది, కానీ ఎప్పటిదో పాతది. ఇక్కడ మన యంత్రాల్లో ఇన్నేళ్ళూ నేను దిద్దుకున్నదంతా తుడిచేస్తారు. తొమ్మిదేళ్ళ పని దా. నా మాటను నా కళ్ళ ముందు తప్పుగా పెట్టుకుని, దిద్దకుండా రోజూ చూస్తూ కూర్చోవాలి."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను అప్పుడే ఒప్పుకునేవాణ్ణేమో. "చూద్దాంలే, అల్లా ఉన్నాడు" అన్నాను. పిరికివాడు చాటున దాక్కోవడానికి అల్లా ఎప్పుడూ ఉంటాడు.

బుధవారం సమావేశపు గది కిక్కిరిసింది. కౌన్సిల్ సభ్యులు, ఆఫీసు వాళ్ళం, ఊరివాళ్ళు. రమ్దాన్ కర్రతో సహా మొదటి వరసలో కూర్చున్నాడు. ఫువాద్ మర్యాదస్తుడు, అబద్ధం ఎందుకు ఆడాలి. మంచి సూటు, మెత్తటి గొంతు. అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓపిగ్గా జవాబు చెప్పాడు. గోడ మీద పెద్ద బొమ్మ వేసి తన ప్రోగ్రాము చూపించాడు. ఏ గంటకు ఫోను చేసినా మనిషి పలుకుతాడన్నాడు. కౌన్సిల్ వాళ్ళు తలలూపారు. నేనూ ఊపాను. ఫెర్రూజా చివరి వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అక్కడితో ఆగి ఉంటే అతని బేరం కుదిరిపోయేది. మమ్మల్ని మెప్పించాలన్న ఉత్సాహం కొంచెం ఎక్కువైంది.

"మీ భాష కూడా ఉంది చూడండి! మా నిపుణులు సరిచూసిన కబైలీ!" అంటూ ప్రోగ్రామును కబైలీలోకి మార్చాడు. కంపెనీ ముద్ర, హామీ వివరాలు ఉండే పేజీ తెరిచాడు. ఆ ముద్ర గోడ మీద ఇంత పెద్దదిగా మెరిసింది. దాని కింద ఒక వాక్యం ఉంది. మేయరు కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు.

"ఈ... ప్రోగ్రాము... బాతెల్."

మా నోట బాతెల్ అంటే ఊరికే వచ్చేది. ఉత్తిదీ అదే, పనికిమాలినదీ అదే, అన్యాయమైనదీ అదే. అల్జీర్స్ వీధుల్లోనూ ఆ మాటకు అర్థం అంతే, కాబట్టి ఫువాద్‌కూ తెలిసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. అంతే, నవ్వులతో గది కప్పు లేచిపోయింది.

"ముప్ఫై మిలియన్లు పోసి కొనేదాని మీద ఊరికే అని రాసుందేంటయ్యా?" అన్నాడు ఒక సభ్యుడు.

"ఊరికే అని కాదు, ఉత్తిదే అని రాశారు. నిజం చెప్పే యంత్రం, కొనండి కొనండి!" అన్నాడు ఇంకొకడు.

రమ్దాన్ కర్ర నేల మీద కొట్టి కొట్టి నవ్వాడు. నేనూ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాను. అతని సరుకు అతని నోటితోనే పోయింది, ఫెర్రూజా గట్టెక్కింది, నా ఉత్తరం సంగతి ఇక ఎవరికీ అక్కర్లేదు అనుకున్నాను.

అప్పుడు వెనక నుంచి ఫెర్రూజా లేచింది.

"నవ్వకండి. ఆ తప్పు ఆయనది కాదు. నాది."

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

"ఇంగ్లీషులో అక్కడ ఫ్రీ అని ఉంది. నాకు తెలిసిన ఫ్రీ ఒక్కటే, దుకాణాల మీద రాసుంటుందే, డబ్బు అక్కర్లేదని, అది. ఎవడి కిందా లేని, ఎవడి అదుపులోనూ లేని అని దానికి ఇంకో అర్థం ఉందని నాకప్పుడు తెలీదు. బాతెల్ అని రాశాను. తర్వాత తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. మన ఆఫీసు యంత్రాల్లో చేత్తో దిద్దుకున్నాను, అందుకే ఇక్కడ ఎవరూ చూడలేదు. లోకం అంతటికీ పోయే దాంట్లో మాత్రం అలాగే ఉంది. ఈయన కంపెనీ అక్కణ్ణుంచే తీసుకుంది. తీసుకోవడం దొంగతనం కాదు. ఎవరైనా తీసుకోవచ్చు, మెరుగుచేసి అమ్ముకోవచ్చు. అది తెలిసే నేను రాశాను."

"లోకానికి పోయేదాన్ని ఎందుకు దిద్దలేదు మరి?" అన్నాడు మేయరు.

"దిద్దాను. ఆరేళ్ళయింది. ఆ తివిజికి ఒక కట్టుబాటుంది. ఒకరు రాసిన మాటను రెండో మనిషి చదివి సరే అనాలి. అప్పుడే అది లోపలికి పోతుంది. నాకు రెండో మనిషి ఆ బెజాయా విద్యార్థే. ఉద్యోగం వచ్చి మానేశాడు. అప్పట్నుంచి నేను రాసిన నాలుగు వేల మాటలు గుమ్మం బయటే ఉన్నాయి."

"ఇంకెవరినీ అడగలేదా?"

"అడిగాను. చాలా మంచి పని చేస్తున్నావని అందరూ మెచ్చుకున్నారు."

ఆమె సాయం అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. మెచ్చుకోను కాబట్టి, నాకు తీరిక లేదని చెప్పాను.

మేయరు మెజియాన్ చెడ్డవాడు కాదు, మెత్తనివాడూ కాదు. ఫువాద్ ఇచ్చిన కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

"చూడమ్మా ఫెర్రూజా, నవ్వు వేరు, సంతకం వేరు. తివిజి అంటున్నావు. ఊరంతా వస్తే తివిజి. ఒక్కదానివే చేస్తే దాన్ని వెట్టిచాకిరీ అంటారు. మొన్న మీ అమ్మకు జ్వరమొస్తే, ఇక్కడ నలభై మంది బతికున్నారని చెప్పే దిక్కు లేదు. రేపు నీకే జ్వరమొస్తే? ఈయన డబ్బు తీసుకుంటాడు, కానీ ఫోను ఎత్తుతాడు. ఈ ఆఫీసులో నీతో పాటు జవాబు చెప్పే రెండో మనిషిని ఒక్కణ్ణి చూపించు. చూపిస్తే ఈ కాగితాలు వెనక్కి పంపిస్తాను. లేదంటే ఇప్పుడే సంతకం పెడతాను."

కలం మూత తీశాడు.

ఫెర్రూజా గది నలువైపులా చూసింది. ఒక్కొక్కరే తల దించుకున్నారు. లెక్కల గుమాస్తా తన బూట్లు చూసుకున్నాడు. టైపు గది అమ్మాయిలిద్దరూ ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. నా వైపు మాత్రం ఆమె చూడనే లేదు. నన్ను లెక్కలోకే తీసుకోలేదు. ఉన్నమాట చెబుతున్నాను, ఆ చూడకపోవడం నన్ను చెంపదెబ్బ కొట్టినట్టయింది. ఒక మనిషి పక్కన ఇన్నేళ్ళు పనిచేసి, అవసరమొచ్చినప్పుడు ఆ కళ్ళు వెతకని మనిషిని అయ్యానా అనుకున్నాను. సిగ్గేసింది. మోకాళ్ళ నొప్పులు, అయినా లేచాను.

"ఆ ఉత్తరం రాసింది నేనే" అన్నాను. "రెండో మనిషిని కూడా నేనే."

"కూర్చో బూసాద్! మౌసు పట్టుకుంటే నీకు చెయ్యి వణుకుతుంది" అన్నాడు ఒక సభ్యుడు, ప్రతి వేసవికీ పారిస్ పోయి వచ్చే పెద్దమనిషి.

"వణికినా నొక్కుతుంది. నాకు కబైలీ వచ్చు. మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. నీలా నడుమ నడుమ ఫ్రెంచి కలిపి నంజుకు తినను."

రమ్దాన్ కర్ర మళ్ళీ మోగింది. "వాడికి తిట్లు తినడం బాగా వచ్చు, నేను సాక్ష్యం. జవాబుదారీకి అది చాలు!"

మేయరు నన్ను ఎగాదిగా చూశాడు. "ప్రోగ్రాము మొరాయిస్తే?"

"ఈ నెలంతా సాయంత్రాలు ఆమె దగ్గర కూర్చుని నేర్చుకుంటాను. నా ఫోను నంబరు గోడ మీద రాయించండి. రాత్రయినా పగలైనా ఎత్తుతాను. ఎత్తకపోతే ఈ ముసలాళ్ళు మా ఇంటి ముందుకొచ్చి తిట్టొచ్చు."

"తిడతాం" అన్నాడు రమ్దాన్.

మేయరు కలం మూత పెట్టేశాడు. ఫువాద్ కాగితాలు సర్దుకుని, పోతూ పోతూ ఫెర్రూజా ముందు ఆగాడు. "ఆ మాట మారితే మాక్కూడా వస్తుంది కదమ్మా? త్వరగా మార్చండి, మా పరువు పోతోంది" అని చెయ్యి కలిపి వెళ్ళాడు. మర్యాదస్తుడని చెప్పాను కదా.

ఫెర్రూజా నాతో మాట్లాడలేదు. ఆ పూటా మర్నాడూ నా సలాముకు జవాబు లేదు. టైపు గది ముందు నుంచి పోతే తల ఎత్తేది కాదు. నేనూ కదిలించలేదు. ఉత్తరం రాసినవాడికి ఆ మాత్రం శిక్ష పడవలసిందే. మా ఆఫీసుకు శుక్ర, శనివారాలు సెలవు. అవి గడిచి ఆదివారం పొద్దున ఆమే నా కిటికీ దగ్గరికి వచ్చి, "రండి" అంది.

టైపు గదిలో తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంచింది. కంప్యూటర్లో ఆ నాలుగు వేల మాటల పట్టిక తెరిచింది. యంత్రం నా పేరు అడిగింది, నేనే కొట్టాను. మూడుసార్లు తప్పు కొట్టి నాలుగోసారి సరిగ్గా కొట్టాను. పట్టికలో మొదటిది ఆ వాక్యమే. బాతెల్ తీసేసి ఆమె ఇలెల్లి అని రాసి పెట్టింది. ఎవడికీ బానిస కానివాడు అని దాని అర్థం.

"చదివి, సరే అని నొక్కండి దా. కింద ఆకుపచ్చగా ఉంది చూడండి, అక్కడ."

చదివాను. మళ్ళీ చదివాను. నొక్కలేదు.

"ఇది కుదరదు" అన్నాను.

"ఏంటి కుదరనిది?"

"ఇలెల్లి ఎవడంటాడు? జెండాల మీద, పాటల్లో ఉండే మాట అది. మా తాత ఒక్కనాడు కూడా అనలేదు. మన మనుషులు హుర్ అంటారు. కల్తీ లేని తేనెను హుర్ తేనె అనమా? ఎవడికీ తలవంచని మనిషిని హుర్ అనమా? అది పెట్టు."

"హుర్ అరబ్బీ నుంచి వచ్చిన మాట."

"నువ్వు పెట్టిన బాతెల్ ఎక్కణ్ణుంచి వచ్చింది మరి? మీ పైవాడ బావిలోంచి వచ్చిందా?"

"అది తప్పని ఒప్పుకున్నాను కదా! మన భాషకు మన మాట ఉండగా..."

"ఉంటే తక్లీత్ పిన్నిని పిలిచి అడుగు, ఇలెల్లి అంటే ఏంటో చెప్పమను! పుస్తకం మాట కావాలంటే పుస్తకంలో రాసుకో. యంత్రంలో మనిషి మాట పెట్టు!"

నా గొంతు లేచింది. ఆమె గొంతూ లేచింది. ఇన్నేళ్ళలో ఆ మనిషి గొంతు అంత పైకి రావడం నేను వినలేదు. టైపు గది అమ్మాయిలిద్దరూ పని ఆపి మమ్మల్నే చూస్తున్నారు. లెక్కల గుమాస్తా తలుపులోంచి తొంగిచూసి మెల్లగా జారుకున్నాడు. నా కిటికీ ముందు వరస పెరిగిపోతోందని ఎవరో కేకేశారు. "ఉండమనండి, బతికే ఉన్నారు కదా!" అని అరిచాను.

తిరిగి చూసేసరికి ఫెర్రూజా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. మళ్ళీ ఏం పాపం చేశానురా అనుకున్నాను.

"ఏడుస్తావేంటి తల్లీ? సరే, నీ ఇష్టం, ఇలెల్లే ఉంచుకో. ఎక్కడ నొక్కాలన్నావు?"

"వద్దు, నొక్కకండి" అంది. "ఆ విద్యార్థి నేను పంపిందల్లా చదవకుండానే సరే అనేవాడు. బాతెల్‌కీ అలాగే సరే అన్నాడు. తొమ్మిదేళ్ళలో నేను రాసిన మాటను చదివి, కాదని నాతో పోట్లాడిన మొదటి మనిషివి నువ్వే, దా."

ఆమె ఎప్పుడూ నన్ను మీరు అనేది. ఆ రోజే మొదటిసారి నువ్వు అంది.

కిటికీ తెరిచి నశ్యం ఉమ్మేసి వచ్చి కూర్చున్నాను.

"నేను మాత్రం హుర్ అనే అంటాను" అన్నాను.

"అను" అంది, కళ్ళు తుడుచుకుంటూ, కుర్చీ నా వైపు తిప్పుకుని. "ఎందుకనాలో చెప్పు, వింటాను."